వీపు వెనక చేపలు

చేపలకు మేత పెట్టలేక దస్తగిరికి తల ప్రాణం తోకకొచ్చింది.

నవ్వులాట కాదు. ఉపదేశం కావాలని వచ్చినవాణ్ణి గురువు నూర్ షా గారు దర్గా వెనక మడుగు దగ్గరికి తీసుకెళ్లి, ముందు ఈ పరిగె చేపల కడుపు నింపు, ఉపదేశం సంగతి తరవాత చూద్దామన్నారు. ఓస్, ఇంతేనా అనుకున్నాడు దస్తగిరి. ఊళ్లో ఉరుసుకు పంక్తులు పంక్తులుగా అన్నం పెట్టిన చెయ్యి అది. వడ్డించి ఊరుకునే రకమా? ఒక్కొక్కరి ఎదురుగా నిలబడి, ముద్ద నోట్లోకి పోయి, 'బాగుంది భాయ్' అన్న మాట బయటికొస్తే గాని కదిలేవాడు కాదు.

అలాంటివాడికి వేలెడంత లేని చేపలు చుక్కలు చూపించాయి. మిట్టమధ్యాహ్నం గట్టు మీద నిలబడి కోడిగుడ్డంత పిండిముద్దలు విసిరితే, అన్నీ ఒకే గుంపుగా ముడుచుకుని లోతుకు పోయేవి. ముద్దలు అడుగున పడి పులిసిపోయేవి. పొద్దుగూకేవేళ నీటి పురుగుల కోసం అవే చెదిరి పైకొస్తాయని గొర్రెల కాపరి చెబితే, ఆ వేళకే వెళ్లాడు. వెళ్లినవాడు ఊరుకోవచ్చుగా? తిన్నాయో లేదో కనబడాలని లాంతరు వెలిగించి నీళ్లమీదికి వంచాడు. చేపలు మళ్లీ గుంపు కట్టాయి.

ఇరవై ఒకటో రోజు, దారిలో తినడానికి రెండు జొన్నరొట్టెలు మూటగట్టుకుని గురువు ముందుకొచ్చాడు. వాటికి పొగరు హజ్రత్, పెట్టినా తినే రాత లేదు, నేను పోతానని కడుపులో మంటంతా కక్కాడు.

నూర్ షా గారు అంతా విన్నారు. పొద్దు వాలాక అతన్ని వెంటబెట్టుకుని మడుగుకు వెళ్లారు. దస్తగిరి అలవాటు కొద్దీ లాంతరు వెలిగించాడు. ఆయన ఉఫ్‌మని ఊదేశారు. అతని భుజాలు పట్టి, నీటికి వీపు పెట్టి కూచోబెట్టారు. చేతిలో ఉన్న పిండిముద్దను అతని చేతనే రవ్వలా నలిపించారు.

"వెనక్కి చల్లు."

చల్లాడు. ఎంతసేపటికీ ఏమీ లేదు. దస్తగిరికి ఒళ్లు మండింది. లేచి పోదామని మూట మీద చెయ్యి వేశాడు.

అప్పుడు నీటిమీద చిటుక్కుమంది. మళ్లీ ఒకసారి. కాసేపటికి చినుకులు పడుతున్నట్టే ఉంది.

"తింటున్నాయా హజ్రత్?"

"వాటి కడుపు కోసం పెడుతున్నావా, నీ కళ్ల కోసం పెడుతున్నావా?"

దస్తగిరి మెడ సగం తిరిగి ఆగిపోయింది.

తరవాత మూట విప్పి, జొన్నరొట్టె తీసి, మెత్తగా నలిపి వెనక్కి చల్లాడు.