ఒక పిట్ట, నాలుగు పేర్లు

వెదుళ్ళకోటను ఏలే ముకుంద భూపతికి ఏది కనిపించినా దానికో పేరు కావాలి. పేరు ఎంత పొడుగైతే ఆయనకు అంత ముచ్చట.

ఒక వానాకాలం పొద్దున ఆయన కొలువుకూటంలోకి చిన్న పిట్ట ఒకటి దారి తప్పి వచ్చింది. పిచ్చుకకన్నా చిన్నది. వీపు నీలం, గొంతు నారింజపండు రంగు, పొట్ట తెలుపు. రాజుగారు సింహాసనం దిగి మరీ చూశారు.

"దీని పేరు చెప్పినవారికి పక్షిశాల మీద పెత్తనం!"

ఇరవై ఏళ్ళుగా ఆ పక్షిశాలను ఊడ్చి, మేత వేసి సాకుతున్నది నాంచారి. ఆమె పిట్టను తేరిపార చూసింది.

"ముక్కు మొదట్లో వెడల్పు, పక్కన మీసాల్లాంటి వెంట్రుకలు. అదిగో, ఎగిరి ఈగను పట్టి మళ్ళీ అక్కడే వాలింది. ఇది ఈగలు పట్టే పిట్ట దొరా. మా కొండవాగుల పక్కన బోలెడు."

రాజుగారి ముఖం వాడిపోయింది. ఇంత అందం తన కొలువుకు వస్తే, దాని పేరులో ఈగలా!

అప్పుడు లేచారు ఆస్థాన పక్షిశాస్త్ర పండితులు విహంగాచార్యులు. ఆయన పిట్టను చూడలేదు, రాజుగారి ముఖం చూశారు. అక్కడ కనబడినదానికి తగ్గ పేరు చెప్పారు.

"ఇది రత్నగరుడం, మహాప్రభూ! చక్రవర్తుల కొలువుకు తప్ప రాదు. పన్నీట్లో నానిన దానిమ్మగింజలు తప్ప ముట్టదు."

ఆచార్యులవారికి పెత్తనం దక్కింది. పిట్టకు పంజరం దక్కింది, నాంచారికి చీపురు మిగిలింది.

దానిమ్మగింజలు మాత్రం గిన్నెలోనే మిగిలాయి. రెండో రోజుకు పిట్ట రెక్కలు వేలాడేసింది. నాంచారి గుర్రపుసాలకు వెళ్ళి నాలుగు ఈగలు పట్టి తెచ్చి పంజరంలో వదిలింది. పిట్ట తేరుకుంది. ఆచార్యులవారు చూడనే చూసి, ఆమెను కొలువు ముందు నిలబెట్టారు.

"రాజపక్షికి పెంట మీది ఈగలా! ఇది ద్రోహం ప్రభూ!"

"పొద్దుగూకేలోగా మూట సర్దుకుని కోట దాటిపో," అన్నారు రాజుగారు.

నాంచారికి ఈ కోట తప్ప వేరే గూడు లేదు. పైగా తను పోతే పిట్టా పోతుంది. ఆమె నెమ్మదిగా అంది.

"చదువులేనిదాన్ని దొరా. పోయేముందు ఒక్క మనవి. పక్షిశాల లోపల ఇంకో మూడు పంజరాలున్నాయి. వాటిలో ఉన్నదేమిటో ఆచార్యులవారు సెలవిస్తే, నా తరవాత వచ్చేవాళ్ళకైనా మేత తెలుస్తుంది."

ఆచార్యులవారు శాలువా సవరించుకున్నారు. రాజుగారు తలూపారు.

దిష్టి తగలకూడదంటూ మొదటి పంజరానికి పచ్చపట్టు కప్పి, పైన చిన్న కంత వదిలి తెచ్చింది నాంచారి. ఆచార్యులవారు ఒంటికన్నుతో తొంగిచూశారు.

"ఇంద్రనీల శకుంతం! తామరతేనె తప్ప తాగదు!"

నాంచారి దాన్ని లోపలికి తీసుకెళ్ళి రెండోది తెచ్చింది. ఎర్రపట్టు, కంత ఎదురుగా.

"అగ్నికంఠం! కుంకుమపువ్వే దీని ఆహారం!"

మూడోదానికి కంత అడుగున ఉంది. ఆమె పంజరాన్ని ఎత్తిపట్టుకుంటే, ఆచార్యులవారు నేలమీద చతికిలబడి పైకి చూశారు.

"ఆహా! మానస సరోవరపు హంస!"

"హంస ఇంత చిన్న పంజరంలో పడుతుందా?" అన్నారు రాజుగారు.

"రాజహంస కదా ప్రభూ, నాజూకు. ముత్యాలు తెప్పించండి!"

రాజుగారు ఉబ్బిపోయారు. "రత్నగరుడంతో కలిపి నాలుగు రాజపక్షులు! నాంచారీ, అన్నిటినీ ఒక్కచోట పెట్టు, కళ్ళారా చూడాలి!"

"పెట్టే ఉన్నాయి దొరా."

ఆమె పట్టుగుడ్డ లాగేసింది. నీలం వీపు, నారింజ గొంతు, తెల్ల పొట్ట. అదే పిట్ట.

"పంజరాలు మూడు, పిట్ట ఒక్కటే," అంటూ తలుపు తీసింది.

నేలమీదే ఉండిపోయిన ఆచార్యులవారి మీసం మీద సరిగ్గా అప్పుడే ఒక ఈగ వాలింది. పిట్ట రివ్వున వచ్చి, ఠప్పున దాన్ని పట్టుకుని, పంజరం మీదికి వెళ్ళి వాలింది.

నాంచారి చేతులు జోడించింది.

"చూశారా దొరా, నాలుగు రాజపక్షులకూ కలిపి ఒక్క ఈగ సరిపోయింది!"

ముందు నవ్వింది రాజుగారే. ఆ వెనక కొలువంతా ఘొల్లుమంది. ఆయన తన చేతి బంగారు కడియం తీసి నాంచారికి తొడిగి, పక్షిశాల పెత్తనం ఆమెదేనన్నారు.

"మరి నేను, ప్రభూ?" అని గొణిగారు ఆచార్యులవారు.

"మీకూ కొలువుంది. రోజుకు ఎన్ని ఈగలు కావాలో నాంచారిని అడిగి, పట్టుకురండి!"