తీర్మానంలో దేవుడు

మున్సిపల్ చైర్మన్ అయిన కొత్తలోనే కదిరప్పకు ఒక దిగులు పట్టుకుంది. ఊరికి భక్తి చాలడం లేదని.

నీళ్లు చాలడం లేదని ఊరు అనుకుంటోంది. అది వేరే సంగతి.

రాళ్లపెంటలో కదిరప్పది బండల వ్యాపారం. ఊరి చివర రేకుల షెడ్డులో ఉండే ఓబన్న తాతకు ఆయన ఎన్నో ఏళ్లుగా శిష్యుడు. తాతకు మఠం లేదు, బిరుదులు లేవు. వచ్చినవాళ్ల దోసిట్లో ఇన్ని వేయించిన శనక్కాయలు పోసి, తంబూర అందుకుని ఒక తత్వం పాడతాడు. ఎవరు వచ్చినా నీ కులమేది, నీ దేవుడెవరని అడగడు. ఎన్నికల్లో తన గెలుపు తాత చలవేనని కదిరప్ప నమ్మకం.

"నేను ఓటు కూడా వెయ్యలేదప్పా. ఆ పొద్దు మోకాళ్లు పట్టుకున్యాయి" అని తాత ఎంత చెప్పినా వినలేదు.

మొదటి కౌన్సిల్ సమావేశంలోనే కదిరప్ప, ఓబన్న తాత తత్వం ఒకటి అందరిచేతా పాడించాడు. 'రూపమే లేనోడా, ఊరంతా నిండినోడా' అని మొదలవుతుంది అది. అందరూ లేచి నిలబడి చేతులు జోడించారు. పన్నెండో వార్డు కౌన్సిలర్ సలోమి కూడా లేచి నిలబడింది. చేతులు మాత్రం జోడించలేదు, పాడనూ లేదు. పాట అయ్యేదాకా మర్యాదగా నిలబడి, తర్వాత కూర్చుంది.

కదిరప్ప చూపు ఆ జోడించని చేతుల మీదే ఆగిపోయింది.

సలోమి వార్డు గుట్ట వాలులో ఉంది. అక్కడికి నీళ్ల పైపు ఇంకా ఎక్కలేదు. ట్యాంకరు వచ్చిన రోజు బిందెల యుద్ధం, రాని రోజు ఎదురుచూపు. ఆమె అడిగిన పైపులైను విషయం ఎజెండాలో పైన ఉండేది. ఎందుకో మెల్లగా కిందికి జారింది. ప్రతిసారీ అది రాకముందే సమావేశం ముగిసేది. అది పగ అని కదిరప్ప ఒక్కసారీ అనుకోలేదు. భక్తి ఎలాగూ లేదు, ఓర్పయినా అలవడనీ అనుకున్నాడు.

అలా ఉండగా ఆయనకు గొప్ప ఆలోచన వచ్చింది. ఓబన్న తాతను మున్సిపాలిటీ తరఫున 'పట్టణ గురువు'గా నియమించాలి. ఆయన బోధే ఊరి బోధ కావాలి.

కమిషనర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "రాజ్యాంగం ప్రకారం కుదరదండీ."

"ఏం, రాజ్యాంగంలో దేవుడు లేడా?"

"ఉన్నాడండీ. అందరి దేవుళ్లూ ఉన్నారు. అదే ఇబ్బంది."

"ముందు ఎజెండాలో పెట్టండి. తర్వాత చూద్దాం" అని కదిరప్ప నేరుగా షెడ్డుకు పోయాడు.

తాత శనక్కాయలు వేయిస్తున్నాడు. అంతా విన్నాడు. వద్దంటాడేమో, బతిమాలాల్సి వస్తుందేమో అని కదిరప్ప దారి పొడుగునా మాటలు కూర్చుకుని వచ్చాడు. వాటి అవసరమే రాలేదు.

"మంచిదేనప్పా. ఎన్ని గంటలకు రావల్ల?"

"మీ ఇష్టం తాతా."

"నా ఇష్టమెట్లయితాది? ఉద్యోగం గదా. సెలవులుంటాయా?"

"అయ్యో, మీకు సెలవులేంది తాతా!"

"నన్ను తీసెయ్యాలంటే ఎవురు తీసేస్తారు?"

కదిరప్ప పగలబడి నవ్వాడు. "మిమ్మల్ని తీసే మొగోడు ఎవడుండాడు తాతా? దానికి కౌన్సిల్లో తీర్మానం కావల్ల."

"ఓహో" అని తాత గరిటె తిప్పాడు.

సమావేశం రోజు కదిరప్ప కారు దిగేసరికి తాత ఆఫీసు వరండాలో, సంతకం పెట్టడానికొచ్చిన కొత్త గుమాస్తాలా, గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఉతికిన పంచె, భుజాన తుండు. చైర్మన్‌ను చూడగానే తుండు తీసి చంకలో పెట్టుకున్నాడు. రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారం సార్."

కదిరప్ప కాళ్ల కింద బండ కదిలినట్టయింది. వంగి పాదాలు తాకబోయాడు. తాత చటుక్కున వెనక్కి జరిగాడు.

"వద్దు సార్. ఉద్యోగమిచ్చినాయప్ప నా కాళ్లు మొక్కితే ఆఫీసులో ఏమనుకుంటారు?"

"తాతా, నన్ను సార్ అనొద్దు. లోపలికొచ్చి కూర్చోండి."

"మీ ఎదురుగానా?" అని తాత నాలుక కరుచుకున్నాడు.

సభలో వేదిక మీద తాత కోసం ఎత్తయిన కుర్చీ, పట్టుబట్ట కప్పి సిద్ధంగా ఉంది. తాత దాని వైపు కూడా చూడలేదు. తలుపు దగ్గర, అటెండరు పక్కన నిలబడ్డాడు. డెబ్బై దాటిన మనిషి. రెండు మోకాళ్లూ నొప్పులు. కదిరప్ప సైగ చేసినప్పుడల్లా "డ్యూటీలో ఉండా సార్" అన్నట్టు చెయ్యి ఊపాడు.

కమిషనర్ తీర్మానం చదివాడు. తత్వం కూడా అందులో ఉంది. 'రూపమే లేనోడా' అనగానే మూడో వార్డు వీరనారాయణ లేచాడు. వాళ్లది గుట్ట మీది నరసింహస్వామి ఉత్సవం జరిపించే కుటుంబం.

"ఆగండి. రూపం లేదని ఎవురు చెప్పినారు? మా స్వామికి కోరలతో సహా ఉండాది గదా! ఇప్పుడు మున్సిపాలిటీ లేదంటే మేం ఊరేగించేది ఎవురిని?"

"అది పాటప్పా..." అన్నాడు కదిరప్ప.

"నిన్నటిదాకా పాట. రేపటినుంచి తీర్మానం. 'రూపమే ఉన్నోడా' అని సవరించండి."

"సవరిస్తే తత్వమే పాడయిపోతాది" అని ఇంకొకాయన లేచాడు. "రూపం లేదంతే. మా ఇంట్లో ముత్తాతల కాలం నుంచీ లేదు."

"రూపం ఉండీ లేనోడా అందాం" అన్నాడు మధ్యస్థంగా ఒకాయన. వెంటనే పాడి చూశారు. తాళానికి కుదరలేదు.

ఏడో వార్డు ఆయన చెయ్యెత్తాడు. "'ఊరంతా నిండినోడా' అని ఉండాది. అన్నిటికీ ఊరంతా అనే అంటారు, మా వార్డుకు మాత్రం ఏదీ రాదు. మా వార్డు పేరు విడిగా చేర్చల్ల."

సభ గోలగోలయింది. ఒకరి తాతను ఒకరు తిట్టుకున్నారు. బల్లలు చరిచారు. దేవుడికి రూపం ఉందా లేదా అనేది ఓటుకు పెట్టాలని వీరనారాయణ పట్టుబట్టాడు. పెట్టక తప్పలేదు.

ఉందన్నవాళ్లు చేతులెత్తారు. లేదన్నవాళ్లు చేతులెత్తారు. కమిషనర్ రెండుసార్లు లెక్కపెట్టి చెమట తుడుచుకున్నాడు. సరిసమానం.

"సలోమమ్మా, నువ్వు ఎత్తలేదే?" అన్నాడు కదిరప్ప.

"దేవుడి సంగతి మా ఇంట్లో ఎప్పుడో తేలిపోయిందన్నా. నేను నీళ్ల కోసమొచ్చినా" అంది సలోమి.

కమిషనర్ గొంతు సవరించుకున్నాడు. "అయితే చైర్మన్ గారి ఓటే మిగిలింది. మీరు ఎటంటే అటు."

అందరి కళ్లూ కదిరప్ప కుడిచేతి మీద ఉన్నాయి. ఆయన ఆ చేతిని చూసుకున్నాడు. మధ్యాహ్నం తిన్న గోంగూర వాసన ఇంకా పోలేదు. ఈ చేత్తోనా?

తలుపు దగ్గర్నుంచి తాత గొంతు వినయంగా వచ్చింది.

"కొంచెం తొందరగా తేల్చండి సార్. సాయంత్రం షెడ్డుకు జనమొస్తారు. దేవుడు ఎట్లుంటాడని చెప్పమంటారో చెప్తే, అట్లే చెప్తా."

కదిరప్ప తలెత్తాడు. ఇన్నేళ్లలో తాత ఎవరి ముందరా చేతులు కట్టుకుని నిలబడగా ఆయన చూడలేదు. ఒకసారి మంత్రి వస్తే కూడా లేవలేదు. శనక్కాయల పొట్టు ఊదుతూ, 'ఆ పక్కన కూర్చోప్పా' అన్నాడంతే. ఆ మనిషిని ఇలా నిలబెట్టింది ఎవరు?

ముందున్న తీర్మానం కాగితాన్ని పక్కకు తోశాడు.

"ఈ అంశం తీసేస్తాండా" అన్నాడు.

"మొత్తమా?" అన్నాడు కమిషనర్. ఆయన గొంతులో ఆశ దాగలేదు.

"మొత్తం. సభలో పాట కూడా."

"మరి నా ఉద్యోగం?" అన్నాడు తాత.

"పోయింది తాతా."

తాత గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు. దగ్గర్లో ఉన్న అటెండరు స్టూలు లాక్కుని దబ్బున కూలబడ్డాడు.

"అబ్బబ్బ, మోకాళ్లు ఇరిగిపాయ గదరా! ఒరే కదిరీ, ఇన్ని మంచినీళ్లిప్పించు."

అటెండరు కుండలో గ్లాసు ముంచి, ఖాళీ గ్లాసు పైకి తీశాడు. ఆఫీసుకు ట్యాంకరు ఇంకా రాలేదు. అందరూ అటూ ఇటూ చూశారు. సలోమి లేచి తన సంచిలోంచి సీసా తీసిచ్చింది. తాత గటగటా తాగాడు. సగం దాటాక ఆమెను అడిగాడు.

"ఇవి మీ వార్డు నీళ్లా తల్లీ?"

"అవును తాతా. మొన్న పట్టినవి."

"తియ్యగా ఉండాయి" అని మూత పెట్టి, మిగిలినవి జాగ్రత్తగా ఆమెకే ఇచ్చాడు.

కదిరప్ప తల దించుకున్నాడు. కాగితాల్లోకి చూస్తూనే అన్నాడు. "కమిషనర్ గారూ, చిట్టచివరి అంశం ముందు తీయండి."

పన్నెండో వార్డు పైపులైను. వీరనారాయణ చెయ్యెత్తాడు, ఆయనతో పోట్లాడినాయనా ఎత్తాడు. ఏడో వార్డు ఆయన మా వార్డు పేరు కూడా అని మొదలుపెట్టబోయి, సలోమిని చూసి ఊరుకుని చెయ్యెత్తాడు. దాహానికి ఎవరూ సవరణ అడగలేదు.

ఆ సాయంత్రం కదిరప్ప షెడ్డుకు వెళ్లాడు. అందరికన్నా వెనక, గడప దగ్గర కూర్చున్నాడు. తాత ఎప్పటిలాగే పాడాడు. జనం ఎప్పటిలాగే విని, శనక్కాయలు ఒలుచుకుంటూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చివరికి ఇద్దరే మిగిలారు.

"తాతా" అన్నాడు కదిరప్ప. "ఈ పొద్దు నేను ఎటో ఒకపక్క చెయ్యెత్తింటే ఏమయ్యేది?"

తాత తంబూరను గోడకు ఆనించాడు.

"ఓడిపోయిన దేవుడు యాడికి పోతాడప్పా, పాపం" అన్నాడు.