పేరు లేని గిన్నె

గురువారం పొద్దున పది గంటలకల్లా దస్తగిరికి కోపం నషాళానికంటింది.

జమాల్ స్వామి నడిపే దర్గాకు కంప్యూటర్ మనిషి అతనే. ఆ దర్గావాళ్లు కొండ మీద ఒక చిన్న వైద్యశాల, కింద పట్నంలో ఒక ఆసుపత్రి నడుపుతారు. మూడు చోట్లనూ కలుపుతూ బయటివాళ్ల కంటపడని సొంత నెట్‌వర్కు ఒకటి ఉంది. దర్గానూ కొండనూ దస్తగిరి చూసుకుంటాడు. పట్నం వైపు ఓబులేసు. ఇద్దరూ స్వామి శిష్యులే. అయితే దస్తగిరి ఇంజినీరింగ్ చదివాడు, ఓబులేసు ఐటీఐ. ఈ తేడా ఓబులేసుకు గుర్తుండేది కాదు, దస్తగిరికి గుర్తు చేయాల్సిన అవసరం ఉండేది కాదు. ఓబులేసు వయసులో పెద్దవాడైనా దస్తగిరి అతన్ని పేరు పెట్టే పిలిచేవాడు.

కిందటి వారం కొండకు కొత్త గుండె యంత్రం వచ్చింది. నెట్‌వర్కులో యంత్రాలకిచ్చే పాత నంబర్లు చాలక, దస్తగిరి అక్కడి యంత్రాలన్నిటికీ కొత్త చిరునామాలిచ్చాడు. వాటికి పోయే దారి దర్గా యంత్రంలో రాశాడు, కొండ మీద రాశాడు, మూడుసార్లు సరిచూసుకున్నాడు. తన పనితనం చూసుకుని తనకే ముద్దొచ్చింది.

ఈ రోజు ఆ యంత్రం పక్కన తిప్పమ్మ అనే ముసలామె పడుకుని ఉంది. రెండు రోజులుగా ఆమెకు గుండెల మీద బరువు. పట్నంలో డాక్టరమ్మ ఆ యంత్రం గీసే గుండె గీతల్ని తన తెర మీద నేరుగా చూసి, మందు సరిపోతుందా, జీపులో కిందికి దించాలా చెప్పాలి. డాక్టరమ్మ ఉండేది పన్నెండు దాకా. జీపులో మూడు గంటల ఘాట్ దారి. ఆ కుదుపులకు ముసలామె తట్టుకోలేదని నర్సు భయం.

నెట్‌వర్కులో కొండకూ దర్గాకూ మధ్య దారి బాగానే ఉంది. దర్గాకూ ఆసుపత్రికీ బాగానే ఉంది. కొండ నుంచి ఆసుపత్రిని పిలిస్తే మాత్రం జవాబు లేదు. పిలుపు ఆసుపత్రి గడప దాకా చేరుతున్నట్టు దస్తగిరికి తెర మీద కనబడుతూనే ఉంది. ఫోన్ చేసి నిలదీస్తే, తానేమీ ముట్టుకోలేదన్నాడు ఓబులేసు. దస్తగిరి నమ్మలేదు. ఒక కాగితం నిండా ఫిర్యాదు రాసి, చేత్తో పట్టుకుని దర్గా వంటింటికి నడిచాడు.

స్వామి పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నారు.

"ఓబులేసును ఆడినుంచి మార్చండి స్వామీ. పిలుపు వాడి గడప దాకా పోతాంది. జవాబియ్యాలని వాడికి మనసు లేదు."

స్వామి కాగితం తీసుకుని, చదవకుండానే పక్కన పెట్టారు.

ఆ దర్గాలో ఒక ఆచారం ఉంది. గురువారం నాడు మొక్కున్నవాళ్లు ఏదో ఒకటి వండి గిన్నెలో తెచ్చిపోతారు. వంటింటివాళ్లు ఆ గిన్నె కడిగి, పాయసం నింపి, మళ్లీ అదే ఇంటికి చేరుస్తారు. ఉత్త గిన్నె ఎప్పుడూ వెనక్కి పంపరు. అందుకే చుట్టుపక్కల గిన్నెలన్నిటి మీదా ఇంటివాళ్ల పేరు, వీధి చెక్కించి ఉంటాయి.

కడిగిన గిన్నెల్లోంచి స్వామి ఒకటి తీశారు. పొగలు కక్కే పాయసం నింపి, మూత పెట్టి దస్తగిరి చేతికిచ్చారు.

"ఇచ్చి రా నాయనా."

ఇదా సమయం అనుకున్నాడు దస్తగిరి. కానీ స్వామి మాట కాదనలేడు. గబగబా మెట్లు దిగి, ఎవరిదా అని గిన్నె తిప్పి చూశాడు. అంచు మీద పేరు లేదు. అడుగున లేదు. మూత మీదా లేదు. ఎడమకు దర్జీల వీధి, కుడికి గాజులవాళ్ల వీధి. ఎటు పోవాలో తెలియక నిలబడిపోయాడు. అరచేతులు చురుక్కుమంటున్నాయి.

స్వామి వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"పోలేదేం?"

"యాడికని పోవాల స్వామీ? తెచ్చినోళ్లెవరో దీని మీద లేదు."

"గిన్నె నిండా పాయసముంది. ఇయ్యాలని నీకు మనసు లేదేమో."

దస్తగిరి పేరు లేని ఆ గిన్నె వంక చూశాడు. దర్గాలో రాశాడు. కొండ మీద రాశాడు. మూడో చోటైన పట్నం గుర్తుకు రాగానే చెవులు వేడెక్కాయి.

గిన్నె అరుగు మీద పెట్టి ఫోన్ తీశాడు.

"ఓబులేసన్నా, తప్పు నాది. కొండ చిరునామా మార్చి నీకు చెప్పలేదు. చెప్తా, రాసుకో."

అవతల ఓబులేసు పెన్ను వెతుక్కున్నాడు. రాసుకున్నది ఒకసారి చదివి వినిపించాడు. జవాబు కొండకు పోయే దారి ఇప్పుడే తన యంత్రంలో రాస్తానన్నాడు. ఒక్క ఎత్తిపొడుపు మాట లేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది దస్తగిరికి.

పదకొండు గంటలకు కొండ నుంచి నర్సు మాట్లాడింది. డాక్టరమ్మ గీతలన్నీ చూసిందట. జీపు అక్కర్లేదు, మందు చాలునందట. తిప్పమ్మ లేచి కూర్చుని గంజి అడుగుతోందట. దస్తగిరికి సిగ్గూ సంతోషమూ ఒక్కసారే వచ్చి కళ్లు తడిశాయి.

స్వామి అతని కాగితం అతనికి తిరిగిచ్చారు. దస్తగిరి దాన్ని నాలుగు మడతలు పెట్టి, చెయ్యి కాలకుండా గిన్నె అడుగున పట్టుకున్నాడు.

"పాయసం చల్లారిందా?" అన్నారు స్వామి.

"లేదు స్వామీ, ఇంకా వేడిగానే ఉంది."

దస్తగిరి దర్జీల వీధిలోకి నడిచి, గిన్నె ఎవరిదో అడుగుదామని మొదటి తలుపు తట్టాడు.