కళాయి దస్తగిరి నవ్విన పుస్తకం

అనగనగా, అంటే మీ తాతకి తాత ఇంకా ఉగ్గుపాలు కక్కుకుంటున్న కాలంలో, కంచుపాడు అనే ఊరు ఉండేది. ఆ ఊళ్ళో ఎండలు ఎలా ఉండేవంటే, కోళ్ళు ఉడికిన గుడ్లే పెట్టేవి. జనం ఇంత ఉప్పు చల్లుకుని తినేసేవారు. కాకులు ఎగరడం మానేసి మనుషుల నీడ పట్టుకుని వెంట నడిచేవి. నమ్మకపోతే మానెయ్యండి, కాకులేం నా చుట్టాలు కాదు.

అంత ఎండలోనూ ఊరికి చల్లటి చోటు ఒక్కటే, గ్రంథాలయం. వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు. ఉగాది వెళ్ళాక ఒక మధ్యాహ్నం పెద్దవాళ్ళందరూ అక్కడ చేరేవారు. ఒక్కొక్కరే లేచి, "నేను ఫలానా పుస్తకం చదివాను, నాకిలా అనిపించింది, ఈ ఎండల్లో మీరూ చదవండి" అని చెప్పాలి. దాన్ని వేసవి మాట అనేవారు. మళ్ళీ తొలకరి పడ్డాక చేరి, ఎవరి మాట విని ఎవరేం చదివారో చెప్పుకోవాలి. ఆచారం మంచిదే. వంకర ఎప్పుడూ ఆచారంలో ఉండదు, మనిషిలో ఉంటుంది.

ఆ గ్రంథాలయంలో అన్నిటికన్నా పై అరలో ఒక ఎర్రట్ట పుస్తకం ఉండేది. దాన్ని కిందికి దించాలంటే జోడెడ్లు కావాలి, అంత లావు. ఎవరో జమీందారు ఇచ్చిపోయాడు. వీపు మీద పేరుని చెదపురుగులు తిన్నాయి. తిని, ఆ బంగారు పూత అరక్క అన్నీ చచ్చాయి. కనక అది ఏ పుస్తకమో ఎవరికీ తెలియదు. పై అరలో ఉంది కాబట్టి గొప్పదని మాత్రం అందరికీ తెలుసు.

ఆ ఏడు ముందు లేచినవాడు వకీలు పానకాలరావు. "ఎర్రట్ట పుస్తకం చదవండి. చదివి నేను చెంబుడు కన్నీళ్ళు కార్చాను" అన్నాడు.

చెంబుడు అన్నాక వైద్యుడు సోమయాజులు ఊరుకుంటాడా? "చెంబుడేమిటండీ. నేను బిందెడు కార్చాను. ఎర్రట్ట పుస్తకమే చదవండి" అన్నాడు.

మునసబు గారి భార్య భ్రమరాంబమ్మ విసనకర్ర పక్కన పెట్టింది. "మగవాళ్ళ ఏడుపు ఎంతలే. నాకు గంగాళం నిండింది. చదివితే అదే చదవాలి" అంది.

అసలు సంగతి ఏమిటంటే, ముగ్గురిలో ఒక్కరూ ఆ పుస్తకాన్ని ముట్టుకోలేదు. ఆ సంగతి తెలిసినవాడు పుస్తకాలు దులిపే ఓబయ్య ఒక్కడే. వాడి జీతం ఆ ముగ్గురి చేతిలో ఉంది. వాడు తడికలకి నీళ్ళు చల్లుకుంటూ ఉండిపోయాడు.

ఆ మాట నమ్మినవాడు కూడా ఒక్కడే. తలుపు పక్కన, మంచినీళ్ళ కుండ దగ్గర కూర్చునేవాడు, పేరు దస్తగిరి. ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాడు. గిన్నె కొలిమి మీద పెట్టి, నవాసారం పొడి చల్లి, తగరం రుద్దాడంటే, ఆ మెరుపుకి సూర్యుడు కళ్ళు మూసుకుని మబ్బు చాటుకి పోయేవాడు.

దస్తగిరి బడికి పోలేదు. గిన్నెల మీద చదువు నేర్చుకున్నాడు. అప్పట్లో ప్రతి ఇల్లాలూ గిన్నె అంచున తన పేరు కొట్టించుకునేది. 'అ' కావాలంటే అనసూయమ్మ గారి అండా. 'క' కావాలంటే కామేశ్వరమ్మ గారి కూజా. 'ఋ' పేరున్న ఆవిడ ఊళ్ళో ఎవరూ లేక, పాపం, ఆ అక్షరం ఎరక్కుండానే గడ్డం నెరిసింది. గ్రంథాలయంలో కింది అరలన్నీ మెల్లిగా చదివేశాడు. ఆ తలుపు పక్క జానెడు చోటంటే అతనికి ప్రాణం.

దస్తగిరి ఎర్రట్ట పుస్తకం ఇంటికి తీసుకుపోయాడు. తెరిస్తే, కాగితాల అంచులు కలిసే ఉన్నాయి.

ఆ కాలంలో పుస్తకాలు అలాగే వచ్చేవి. పెద్ద కాగితం మీద అచ్చువేసి, మడతలు పెట్టి, కుట్టేసేవారు. మొదట చదివే మనిషి చాకుతో మడతలు కోసుకుంటూ చదువుకోవాలి. కింది అరల పుస్తకాలన్నీ ఎవరో ఎప్పుడో కోసినవే. దస్తగిరికి కోయాలని తెలియదు. అతను ఏమనుకున్నాడో తెలుసా? "పెద్దవాళ్ళ చదువు అంటే ఇట్టుంటది. ముగ్గురు చదివినారు, ఒక్క మడత చెడలేదు" అనుకున్నాడు.

అనుకుని, తనకొచ్చిన పద్ధతిలోనే చదివాడు. మూతి ఇరుకు చెంబులో కళాయి అంటిందో లేదో ఎలా చూస్తాడు? వెలుగుకి వంచి, ఒక కన్ను మూసి, రెండో కన్ను మూతికి ఆనించి చూస్తాడు. పుస్తకాన్నీ అలాగే చూశాడు. మడతలోకి ఉఫ్ అని ఊదడం, అది ఉబ్బితే ఎండకి వంచి కన్ను పెట్టడం. ఊదడం, వంచడం, చూడటం. అలా ఊది ఊది, ఆ వేసవికి ఊళ్ళో వీచిన గాలి అంతా దస్తగిరి నోట్లోంచి వచ్చిందేనట. మెడ ఎంత వంగిందంటే, తన వీపు తనకే కనిపించేది.

చదువుతూ చదువుతూ నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏందయ్యా, నీలో నువ్వే నవ్వుకుంటా ఉండావు?" అని అడిగింది భార్య సైదాబీ.

"మీసం మొలవని రాజంటనే. మేక బొచ్చు అంటించుకుని తిరిగేవాడంట. నిండు సభలో తుమ్మినాడు, మీసం ఎగిరి పడింది. మేక వచ్చి తన బొచ్చు తనే నమిలేసింది."

"ఆమీట?"

"మీసం ఎక్కడుంటే రాజ్యం అక్కడే అని, మంత్రులు మేకని సింహాసనం ఎక్కించినారు."

సైదాబీ నవ్వీ నవ్వీ కొలిమిలో నీళ్ళు పోసింది. దస్తగిరి నవ్వు మాత్రం మధ్యలో ఆగిపోయింది. వకీలు గారు చెంబుడు ఏడ్చారు. వైద్యులు గారు బిందెడు. అమ్మగారు గంగాళం. మరి తనకి నవ్వెందుకొస్తోంది? మళ్ళీ మొదటినించీ చదివాడు. ఏడుద్దామని పక్కన ఉల్లిపాయ కోసి పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళొచ్చాయి గానీ నవ్వు ఆగలేదు. మనిషికి సిగ్గేసింది. "నా బుర్రకి కళాయి అంటలేదే" అన్నాడు భార్యతో.

తొలకరి పడింది. అందరూ గ్రంథాలయంలో చేరారు. దస్తగిరి చేతిలో ఎర్రట్ట పుస్తకం చూసి ముగ్గురూ కాస్త వెనక్కి జరిగి కూర్చున్నారు. అయినా వకీలు గొంతు సవరించుకుని, "ఏమోయ్ దస్తగిరీ, ఎలా ఉంది మా పుస్తకం?" అన్నాడు.

దస్తగిరి లేచి నిలబడ్డాడు. తల ఎత్తలేదు. "నాకు నవ్వొచ్చిందయ్యా. తప్పేమో."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వొచ్చిందా? అందులో నవ్వుందా? అడిగితే తమ గుట్టు బయటపడుతుంది.

"ఏడవాల్సిన చోట నవ్వేవాణ్ని లోకం ఏమంటుందో తెలుసా?" అన్నాడు వకీలు.

"పైత్యం. జీలకర్ర కషాయం తాగు" అన్నాడు వైద్యుడు.

"చెంబులు రుద్దే చేతికి పుస్తకం ఇస్తే ఇంతేగా మరి" అంది భ్రమరాంబమ్మ.

సభ అంతా నవ్వింది. దస్తగిరి పుస్తకాన్ని పైగుడ్డతో తుడిచి, బల్ల మీద పెట్టి, "మడత ఒక్కటీ చెడగొట్టలేదయ్యా. మీరు చదివి పెట్టినట్టే ఉంది" అన్నాడు. దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఓబయ్య పుస్తకం అరలో పెట్టబోతూ తెరిచాడు. మొదటి మడత, కోయలేదు. నడిమి మడత, కోయలేదు. చివరి మడత, అదీ కోయలేదు. ఆ అంచుల నిండా మాత్రం కొలిమి మసి అంటిన నల్లటి వేలిముద్రలు. సభ అంతా చూసింది. ముగ్గురి మొహాలూ ఎంత మాడాయంటే, ఆ పూట ఊళ్ళో ఎవరింటా అన్నం మాడలేదట, మాడేదంతా ఇక్కడే మాడిపోయింది.

అప్పుడైనా ఒక్కరు గుమ్మంలోకి పోయి, "దస్తగిరీ, ఆగు" అని ఉంటే చాలు. మనిషి ఇంకా వీధి మలుపు తిరగలేదు. ఒక్కరూ లేవలేదు.

దస్తగిరి ఇక గ్రంథాలయం మెట్టెక్కలేదు. అంతేనా, అక్షరం చూడటమే మానేశాడు. గిన్నె మీద పేరు కూడా చదివేవాడు కాదు. దాంతో అనసూయమ్మ అండా కామేశ్వరమ్మ ఇంటికి, కామేశ్వరమ్మ కూజా ఇంకెవరింటికో పోయేది. ఒకావిడకి తన చెంబు తిరిగొచ్చేసరికి మనవలు పుట్టారు. ఊరు ఊరంతా ఒకరి గిన్నెలో ఒకరు వండుకు తిన్నారు. అయినా ఒక్కరూ దస్తగిరిని ఒక్క మాట అనలేదు. ఏ మొహం పెట్టుకుని అంటారు?

ముగ్గురూ నిజం చెప్పేద్దామనే అనుకున్నారు. వకీలు చెంబు పట్టుకుని వెళ్ళాడు. నాలుక చివరిదాకా తెచ్చి, "కళాయి గట్టిగా వెయ్యవోయ్" అని వచ్చేశాడు. వైద్యుడు బిందె పట్టుకుని వెళ్ళాడు. "దగ్గెలా ఉంది, ఏదీ నాడి చూడనీ" అని వచ్చేశాడు. భ్రమరాంబమ్మ గంగాళం ఎత్తించుకుని వెళ్ళింది. చాలాసేపు కూర్చుంది. "ఎండలు కాస్త తగ్గాయి కదూ" అంది, వచ్చేసింది. ఇంటికొచ్చాక, ఆ తెల్లటి కళాయిలో తమ మొహం తమకే కనపడుతుంటే చూడలేక, ముగ్గురూ గిన్నెలు బోర్లించి పెట్టుకున్నారు.

రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే చలికాలం వచ్చింది. కొలిమి పొగ దస్తగిరి రొమ్ములో గూడు కట్టింది. ఒకనాడు దగ్గి దగ్గి కన్నుమూశాడు.

మళ్ళీ ఉగాది వెళ్ళింది. మళ్ళీ వేసవి మాటకి అందరూ చేరారు. తలుపు పక్క జానెడు చోటు ఖాళీగా ఉంది, అక్కడ ఎవరూ కూర్చోలేదు. అప్పుడు సైదాబీ వచ్చింది. చేతిలో మూతి ఇరుకు చెంబు, తళతళా మెరుస్తోంది.

"ఇది మీ నీళ్ళ కుండ మీది చెంబయ్యా. చివర్న వేసిన కళాయి ఇదే" అని పెట్టింది. పెట్టి వెళ్ళిపోలేదు. "ఒక మాట అడగాల."

"అడగమ్మా" అంది భ్రమరాంబమ్మ.

"కథ చివర్న మేక సింహాసనం మీద కూర్చుని మొదటి ఆజ్ఞ ఇయ్యబోతదంట. ఆ ఆజ్ఞ ఏందో మడత మూలలోకి పోయిందంట, ఎంత వంచినా కంటికి అందలేదంట. మిమ్మల్ని అడగరాదా అంటే, 'ఏడవాల్సిన కథకి నవ్వినోణ్ని, ఏ మొహంతో అడిగేది' అని సిగ్గుపడినాడు. పోయేముందు కూడా అదే తలుచుకున్నాడు. మీరు ముగ్గురూ చదివినారు గదా. ఆ ముక్క చెప్పండి, ఆయన్ని పూడ్చిన మట్టి కాడికి పోయి చెప్పొస్తా."

వకీలు వైద్యుడి వైపు చూశాడు. వైద్యుడు నేలలోకి చూశాడు. భ్రమరాంబమ్మే లేచింది.

"మేం చదవలేదమ్మా."

"ఎవురు?"

"ముగ్గురమూ."

"ఏడ్చినారంట గదా."

"ఏడవలేదు. దస్తగిరి ఒక్కడే చదివాడు."

సైదాబీ చెంబు అంచు కొంగుతో తుడిచింది. తిట్టినా బాగుండేది. ఓబయ్య పుస్తకం దించి, తుప్పు చాకు తెచ్చాడు. భ్రమరాంబమ్మ చివరి మడత కోసి, పైకి చదివింది.

"మేక సభ నలువైపులా చూసి, నోరు తెరిచి, 'మే' అన్నది. పండితులందరూ 'ఆహా, ఎంత లోతైన మాట' అన్నారు. కొందరు కన్నీళ్ళు పెట్టుకున్నారు."

సైదాబీ పకపకా నవ్వింది. అచ్చం మొగుడు నవ్వినట్టే నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, "ఇందులో ఏడుపు యాడుందమ్మా?" అని అడిగింది.

నేను దేన్నయినా పెంచి చెప్తానని ఊరందరికీ తెలుసు. ఇది మాత్రం పెంచను. ఆ రోజు ఆ ముగ్గురూ కార్చింది గంగాళం కాదు. బిందె కాదు. చెంబూ కాదు. ఉగ్గుగిన్నె అడుగు తడిసేటంత. అంతే.

సైదాబీ పొద్దు వాలకముందే మట్టి దగ్గరికి వెళ్ళి, వంగి, "మే" అని చెప్పి వచ్చిందట.

ఇప్పటికీ కంచుపాడులో వేసవి మాట చెప్పేవాళ్ళు ముందుగా దస్తగిరి చెంబు వంచి, ఒక కన్ను మూసి లోపలికి చూస్తారు. తర్వాతే పుస్తకం పేరు చెబుతారు. ఎంత పెద్దవాళ్ళయినా, "నాకిలా అనిపించింది. తప్పేమో" అంటారు. తలుపు పక్క జానెడు చోటులో ఎవరూ కూర్చోరు. మొన్న ఎండల్లో ఒక పెద్దమనిషి చెంబు ఎత్తకుండానే ఒక పుస్తకాన్ని ఆకాశానికి ఎత్తుతుంటే, వెనక వరసలోంచి ఎవరో మెల్లిగా "మే" అన్నారట. ఆయన కండువా సర్దుకుని కూర్చున్నాడు.

పుస్తకం అరలోకి, చెంబు కుండ మీదికి, మనం లోపలికి.