తాబేలు పిల్లకి పెరుగన్నం

ఒక రాజు ఉండేవాడు. అతనికి అన్నీ ఉన్నాయి, నమ్మకం తప్ప. మంచినీళ్లిస్తే ముందు ఇచ్చినవాళ్లనే తాగమనేవాడు. ఎవడైనా తుమ్మితే ఎందుకు తుమ్మావని నిలదీసేవాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్లని చూశాం గానీ, ఎవరూ ఏమీ అనకముందే ఊరందరి భుజాలూ తడిమి చూసే రాజుని అక్కడే చూడాలి.

అతని రాణి ఏటి అవతలి రాజ్యపు ఆడపడుచు. అక్కడ ఏలేది ఆమె అన్న. బావాబావమరుదులిద్దరికీ పొలిమేర దగ్గర ఎప్పుడూ తగవే. చివరికి విసుగెత్తి ఆ అన్న ఒక నేల తాబేలు పిల్లని బుట్టలో పెట్టి పంపాడు. ఆ వైపు రాజ్యాల్లో అదొక ఆనవాయితీ. పంపిన పిల్ల బతికున్నన్నాళ్లూ పొలిమేర రాయి కదలకూడదు, కత్తి ఒర దాటకూడదు. పిల్ల చస్తే ఇచ్చిన మాటా చచ్చినట్టే. తాబేలు నూరేళ్ల ప్రాణి కదా, అదీ ధీమా. రాణికి ఎన్నాళ్లకో గుండె మీద బరువు దిగింది.

బుట్ట తెచ్చిన దూత చేతులు కట్టుకుని చెప్పాడు. "దీనికి పెద్ద తిండేం అక్కర్లేదు మహారాజా. గోడ పక్కన మొలిచే పిచ్చాకు, కాస్త గరిక వెయ్యండి. కోడిగుడ్డు పెంకు పొడి కొట్టి చల్లండి. పొద్దుటెండలో వదలండి. అన్నం, పాలు మాత్రం వద్దు. డిప్ప గట్టిపడదు."

దూత గడప దాటగానే రాజు తలుపులు వేయించాడు.

"విన్నావా? పిచ్చాకుట! తింటే పిచ్చెక్కుతుందనేగా ఆ పేరు పెట్టారు? తెల్లపొడిట. తెల్లగా ఉన్న పొడి ఏదైనా కావచ్చు. పైగా ఎండలో వదలాలిట, అవతలి ఒడ్డు నుంచి కనిపెట్టడానికి!"

రాణికి నవ్వాగలేదు. "అయ్యో రామ! పేరు తెలియని మొక్కనల్లా పిచ్చి మొక్కే అంటాం. మొక్కకి పిచ్చేంటండీ? బావమరిది బతక కోరతాడు, దాయాది చావు కోరతాడని ఊరికే అన్నారా?"

"ఆ సామెత కట్టినవాడు కూడా ఏ బావమరిదో అయ్యుంటాడు" అన్నాడు రాజు.

ఇంకేం! అవతలివాడు వద్దన్నదే మంచిదని తేల్చేశాడు. పట్టుతెరలు దించిన గదిలో, వెండి పళ్లెంలో, పిల్లకి పూటపూటా పెరుగన్నం. మీద మీగడ, పక్కన నేతిలో తడిపిన బెల్లం ముక్క.

పసిది, దానికేం తెలుసు? పెట్టింది తింది. ఒళ్లు ఊరింది గానీ డిప్ప నానిన అప్పడంలా అయింది. రాజు రోజూ పొద్దున్నే బొటనవేలితో నొక్కి చూసేవాడు. వేలు లోపలికి దిగేది. దిగినప్పుడల్లా అతని కళ్లు రాణి వైపు తిరిగేవి.

"ఎవరో దీనికి చాటుగా పిచ్చాకు పెడుతున్నారు" అన్నాడు.

కోటలో ఉన్న పిచ్చి మొక్కలన్నీ వేళ్లతో సహా పీకించాడు. డిప్ప ఇంకా మెత్తబడింది. ఒకనాడు రాణి చెయ్యి పట్టుకుని వేళ్లు వాసన చూశాడు. గోటి కింద ఆకుపచ్చ కనిపించింది.

"ఇదేమిటి?"

"కరివేపాకు. మీ చారులోకే."

రాజు ఆ పూట చారు ముట్టలేదు.

రాణికి ముందు ఏడుపొచ్చింది, తరవాత ఒళ్లు మండింది. మాట పడాల్సొస్తుందని ఇన్నాళ్లూ ఆమె ఒక్క ఆకు కూడా వెయ్యలేదు. కళ్లముందే పిల్ల నడవలేక పొట్ట మీద ఈడ్చుకుంటోంది. అది పోతే ఇటు మొగుడూ అటు అన్నా కత్తులు దూసుకుంటారు, ఎవరు పడ్డా ఏడవాల్సింది తనే. "చెయ్యని దానికి ఎలాగూ పడుతున్నాను. అదేదో చేసే పడతాను" అనుకుంది.

రాజు మధ్యాహ్నం కునుకు తీసే వేళ పిల్లని కొంగులో చుట్టుకుని కోట వెనక గుట్ట మీదికి వెళ్లేది. అక్కడ గలిజేరులాంటి పిచ్చాకూ గరికా ఎవరూ పీకలేదు. మొదటి రోజే పిల్ల మెడ బారుగా చాచి ఆకు కొరికింది. ఆ చప్పుడికి రాణి ప్రాణం లేచొచ్చింది.

డిప్ప ఇంకా గట్టిపడనే లేదు, పిల్లని చూడ్డానికి వస్తున్నానని అన్న దగ్గర్నుంచి కబురొచ్చింది. రాజు గుండెల్లో రాయి పడింది. కంసాలిని పిలిపించి బంగారంతో ఒక డిప్ప చేయించి, పట్టుతాడుతో పిల్ల మీద కట్టించాడు.

అన్న వచ్చి గోటితో తట్టి చూశాడు. టింగుమంది.

"బాగా గట్టిపడిందే, బావగారూ!" అన్నాడు. తరవాత చెల్లెలి మొహం చూశాడు, ఆమె మెడ నిండా ఉన్న నగలు చూశాడు. "పుట్టింటి పిల్ల. బరువు మొయ్యలేకపోతే కబురు చెయ్యమ్మా" అని పడవెక్కాడు.

మర్నాడు మధ్యాహ్నం రాణి పట్టుతాడు విప్పింది. తొడుగు వదులుగానే ఉంది. పిల్ల దాని కిందనుంచి పాకుతూ వచ్చింది. గుట్ట మీద దింపి, "పోవే తల్లీ, ఎండ కాచుకో" అంది. అది వెనక్కి తిరిగి చూడలేదు. రాణి తిరిగొచ్చి ఖాళీ తొడుగుని పట్టుబట్ట మీద పెట్టింది.

పెరుగన్నం పెట్టినది పెట్టినట్టే ఉండిపోయింది. పిల్ల తల లోపలికి ముడుచుకుందనుకున్నాడు రాజు. తొడుగు ఎత్తి చూడబోయి, కరుస్తుందేమోనని అనుమానమొచ్చి ఆగాడు. బొటనవేలితో నొక్కాడు. వేలు దిగలేదు. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"చూశావా! ఎవరి చేతి తిండీ ముట్టట్లేదు, నా చేతిది కూడా. ఇన్నాళ్లకి నా పెంపకం దానికి ఒంటబట్టింది."

గుట్ట మీద ఆకులు కదులుతూనే ఉన్నాయి. పొలిమేర రాయి మాత్రం కదల్లేదు.

రాజు ఆ సంతోషంలో కంసాలిని మళ్లీ పిలిపించాడు. "రాణికి కూడా ఒకటి చెయ్యి. మెడ నుంచి మోకాళ్ల దాకా" అన్నాడు.

కంసాలి కొలత తాడు పట్టాడు. రాణి కిటికీలోంచి గుట్ట వైపు ఒకసారి చూసి, నిటారుగా నిలబడి చేతులు చాపింది.

"కాస్త వదులుగా చెయ్యవయ్యా" అంది.