సుర్మా గీత

నరహరి తుపాకీ మీది దుర్బీనును ఎవరో తిప్పుతున్నారు.

ఈ మాట అతను తన గురువు కరీముల్లా ఉస్తాద్‌కు పొద్దున చాయ్ తాగేటప్పుడు చెప్పాడు. బూరుగ్గూడెం బడి వరండాలో ఇద్దరూ చాపల మీద కూర్చున్నారు. నరహరి గ్లాసులో చాయ్ మీగడ కట్టింది. ఉస్తాద్ తన చాయ్ తాగేసి, శిష్యుడు వదిలేసిన గ్లాసు వైపు ఆశగా చూసి, ఊరుకున్నాడు.

గూడెం మీద ఒక చిరుత పడింది. ఇద్దరిని చంపింది. మనిషి రుచి మరిగిన మృగం అని, దాన్ని చంపమని అటవీ శాఖ వాళ్ళు ఉత్తర్వు తెచ్చి ఉస్తాద్ చేతిలో పెట్టారు. సరదా వేట ఉస్తాద్ ఎప్పుడో మానేశాడు. ఇలాంటి ఉత్తర్వు వస్తే తప్ప తుపాకీ ముట్టడు. ముట్టే ముందు నమాజుకు చేసినట్టే చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కుని వజూ చేసుకుంటాడు, కళ్ళకు నల్లటి కాటుక పొడి, సుర్మా పెట్టుకుంటాడు. ఈ మధ్య దూరపు చూపు తగ్గింది. అందుకే పేల్చే పని నరహరికి అప్పగించాడు.

నరహరి గురి మంచిదే. గొప్పలే కాస్త ఎక్కువ. అతని తుపాకీకి గురి చూసే కొత్త దుర్బీను ఉంది. దానికి పైన ఒక నాబ్, కుడి పక్కన ఒక నాబ్. పైది తిప్పితే గుండు తగిలే చోటు పైకీ కిందికీ జరుగుతుంది, పక్కది తిప్పితే కుడికీ ఎడమకీ. తిప్పినప్పుడల్లా సన్నగా టిక్కుమంటుంది. ఒకసారి సరిచూసుకున్నాక అవి కదలకూడదు. కదిలినా కంటికి తెలియదు. అద్దంలో మృగం అలాగే నిలబడి కనిపిస్తుంది, గుండు మాత్రం వేరే చోటికి పోతుంది.

అందుకే వాటి మీద ఇత్తడి మూతలు బిగిస్తారు. నరహరి బిగించలేదు. మూతలు పెట్టుకుంటే అవసరానికి తిప్పేదెట్లా అన్నాడు. కోడెను కొన్నోడు ముక్కుతాడు ఎందుకన్నట్టున్నది నీ తీరు అని ఉస్తాద్ నవ్వి ఊరుకున్నాడు. చెప్పాల్సినంత గట్టిగా చెప్పలేదని ఆ తర్వాత ఆయన చాలా బాధపడ్డాడు.

మొదటి రోజు బండ్ల బాటలో జీపు ఎగిరెగిరి పడింది. తుపాకీ పక్కన నీళ్ళ క్యాను ఉంది. అది దారంతా పక్క నాబ్‌ను రాసుకుంటూ వచ్చింది. ఆ సాయంత్రం వాగు అవతలి గట్టు మీద చిరుత కనిపించింది. నరహరి పేల్చాడు. దుమ్ము ఎడమ పక్కన లేచింది. చిరుత లేదు.

అంతటితో పోతే బాగుండేది. తుపాకీ మోత గూడెం అంతా వింది. పీడ విరగడైంది అనుకున్నారు. తెల్లవారి మారుతి భార్య లచ్చుబాయి కొడవలి పట్టుకుని గడ్డికి పోయింది. అన్ని రోజులూ ఆకలికి అరిచిన బర్రెకు ఇవాళైనా పచ్చగడ్డి వెయ్యాలని పోయింది. కొడవలి దొరికింది. ఆమె దొరకడానికి మధ్యాహ్నమైంది.

దుర్బీను చెడిందని నరహరి గూడెంవాళ్ళకు చెప్పాడు. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. మూతల సంగతి చెప్పలేదు.

తర్వాత ఊరికి దూరంగా ఉన్న రాళ్ళ క్వారీలో నాబ్‌ను మళ్ళీ సరిచేసుకున్నాడు. ఈసారి తుపాకీని జీపులో పడుకోబెట్టలేదు, బాలింత బిడ్డను మోసినట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. మంచె మీద కూర్చునేటప్పుడు నాబ్ మీది అంకె చూసుకున్నాడు. సరిగ్గా ఉంది. చిరుత రాలేదు. చీకటి పడి దిగేటప్పుడు చూస్తే నాబ్ తిరిగి ఉంది. మరునాడూ అంతే. రెండుసార్లూ తిరిగింది ఎడమకే, వచ్చి ఆగింది ఒకే అంకె దగ్గర. గుండు తప్పిన రోజున ఏ అంకె మీద ఉందో అక్కడే.

"నేను ముట్టలేదు ఉస్తాద్. మీ మీద ఆన," అన్నాడు నరహరి. "ఆమెనే తిప్పుతున్నది. గూడెంల కూడ అందరు అదే అంటున్నరు."

గూడెంలో నిజంగానే ఆ మాట పుట్టింది. లచ్చుబాయి తుపాకీలో చేరిందని, తన ఉసురు తీసిన ఆ తుపాకీకి ఇక గురి కుదరనివ్వదని అనుకుంటున్నారు. నరహరి ఆ మాటను కాదనలేదు. దయ్యానికి నోరు లేదు కదా, ఎంత బరువు పెట్టినా మోస్తుంది.

"మారుతికి చెప్పినవా?" అని అడిగాడు ఉస్తాద్.

"ఏం చెప్పాలె?"

 ఉస్తాద్ శిష్యుడి గ్లాసు అందుకుని, చల్లారిన ఆ చాయ్ కూడా తాగేశాడు.

ఆ పూట నరహరి మళ్ళీ క్వారీకి పోయి సరిచేసుకుని వచ్చాడు. సరిచేసుకునే పని అక్కడే అవ్వాలి. గూడెం దాటాక పరీక్షకని ఇంకొక్క గుండు పేల్చినా, ముందే బెదిరిన చిరుత ఆ కొండ వదిలి ఇంకో గూడెం మీద పడుతుంది. అందుకే వేటకు కూర్చున్నవాడు నాబ్‌ను నమ్మాల్సిందే.

మధ్యాహ్నం మంచె ఎక్కి కూర్చోవడానికి మారుతి చేనుకు పోయారు. చేనులో పత్తి పగిలి నేల రాలుతోంది. ఏరేవాళ్ళు లేరు. మారుతి గట్టు మీద నిలబడి ఉన్నాడు. మనిషి ఎండిపోయాడు. ఎర మేకను వాగు అవతల కట్టేసి వచ్చానని ఉస్తాద్‌తో చెప్పాడు. నరహరి వైపు మాత్రం చాలాసేపు చూశాడు.

"సారూ, ఈసారి మోగితే నమ్మాల్నా?"

ఆ గొంతులో కోపం లేదు. ఇంట్లో చంటిబిడ్డ ఉంది, ముసలి తల్లి ఉంది, బయట పత్తి రాలిపోతోంది. ఎప్పుడు తలుపు తియ్యాలో తెలుసుకోవాలని అడిగాడు. నరహరి తల వంచుకుని నిచ్చెన ఎక్కాడు.

మంచె గుంజకు లచ్చుబాయి కొడవలి వేలాడుతోంది. దొరికిన రోజు మారుతి దాన్ని అక్కడ తగిలించాడు. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.

నరహరి జేబులోంచి ఇత్తడి మూతలు తీశాడు. ఇన్ని రోజులకు వాటి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. బిగించబోతుంటే ఉస్తాద్ చెయ్యి చాపి అడిగి తీసుకున్నాడు.

"ఇయ్యాల వద్దు," అని తన జేబులో వేసుకున్నాడు.

తర్వాత ఉస్తాద్ తన సుర్మా బరిణె మూత తీశాడు. సన్నటి పుల్లను నూనె రాసిన తన జుట్టులో ఒకసారి దువ్వినట్టు లాగి, సుర్మాలో ముంచాడు. కుడి పక్క నాబ్ మీద మొదలుపెట్టి, దాని కింది కదలని పట్టీ మీదికి ఒకటే గీత గీశాడు. సగం గీత తిరిగేదాని మీద, సగం తిరగనిదాని మీద. నాబ్ ఏ కొంచెం కదిలినా గీత విరుగుతుంది.

"గీత గీస్తే ఆగుతదా ఉస్తాద్?"

"ఆపుతందుకు గాదు బేటా."

అంతే చెప్పి ఉస్తాద్ శాలువా కప్పుకుని పక్కన కూర్చున్నాడు.

పొద్దు వాలింది. వాగు మీద పొగమంచు లేచింది. అవతలి గట్టున మేక ఇంకా అరుస్తోంది. నరహరి బొక్కబోర్లా పడుకుని దుర్బీనుకు కన్ను ఆనించాడు. అద్దంలో మేక, మేక వెనక గడ్డి, గడ్డి వెనక పొదలు. గడ్డిలో ఒకచోట కోసినంత మేర ఖాళీ ఉంది. ఎవరు కోశారో అతనికి తెలుసు. చూడకూడదనుకున్నా చూపు అక్కడికే పోతోంది.

మేక అరవడం మానేసింది.

గాలి లేదు. గుంజకున్న కొడవలి మాత్రం సన్నగా ఊగుతోంది.

టిక్.

 చప్పుడు నరహరి చెంప పక్కనే అయింది.

టిక్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టిక్. తొందరేమీ లేదు, ఇంటి ఆడమనిషి పడుకోబోతూ లాంతరు వత్తి తగ్గిస్తున్నట్టుంది.  తన రెండు చేతులూ తుపాకీ కర్రను పట్టుకునే ఉన్నాయని అతనికి బాగా తెలుసు. ఆ కట్టె చల్లదనం కూడా అరచేతులకు తెలుస్తోంది. అయినా చప్పుడు వస్తూనే ఉంది.

చివరికి అది ఆగింది. ఎక్కడ ఆగిందో చూడకుండానే అతనికి తెలుసు.

కన్ను తీసి పక్కకు చూశాడు. ఉస్తాద్ మేకను చూడడం లేదు. సుర్మా పెట్టిన ఆ ముసలి కళ్ళు నరహరినే చూస్తున్నాయి. ఎంతసేపటి నుంచి చూస్తున్నాయో.

అప్పుడే అవతలి గట్టున గడ్డి కదిలింది.

చిరుత నింపాదిగా వచ్చింది. మేకకు కొంచెం దూరంలో ఆగి, అడ్డంగా తిరిగి, కూర్చుంది. అంత తేలికైన గురి నరహరికి జన్మలో దొరకదు. వేలు తుపాకీ మీట మీద ఉంది. వేలు కదలడం లేదు. ఈ గుండు కూడా ఎడమకు పోతుంది. మోత వింటారు. మారుతి తలుపు తీస్తాడు.

ఉస్తాద్ మెల్లగా ముందుకు వంగాడు. భుజం మీది రుమాలు తీసి నాబ్‌కు చుట్టి, రుమాలు లోపలే వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. చప్పుడు చాలావరకు గుడ్డలోనే చచ్చిపోయింది. ఒకటి మాత్రం బయటికి వచ్చింది. చిరుత తల ఎత్తి నేరుగా మంచె వైపు చూసింది.

ముగ్గురూ కదల్లేదు.

చాలాసేపటికి చిరుత చెవి విదిలించి మేక వైపు తిరిగింది. ఉస్తాద్ రుమాలు తీసి, నాబ్‌కు దగ్గరగా ముఖం పెట్టి చూశాడు. గీత చాలావరకు చెరిగిపోయింది. మిగిలిన ముక్క కింది ముక్కతో కలిసింది.

"ఇగ కొట్టు," అన్నాడు ఊపిరితో.

నరహరి పేల్చాడు. చిరుత కూర్చున్నచోటే పక్కకు ఒరిగింది. మళ్ళీ లేవలేదు.

మోత కొండకు తగిలి తిరిగి వచ్చింది. గూడెంలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఒక్క కుక్కా మొరగలేదు.

ఇద్దరూ వాగు దాటి వెళ్ళారు. ఉస్తాద్ ఒక రాయి విసిరి చూసి, దగ్గరికి పోయి, చిరుత కంటి రెప్పను కట్టెతో తాకాడు. తర్వాత చెప్పులు విడిచి కాసేపు పెదవులు కదిపాడు. చచ్చిన మృగం కోసమో, చచ్చిన మనుషుల కోసమో ఆయన చెప్పలేదు. మేక కాళ్ళకు చుట్టుకుంటుంటే తాడు విప్పాడు.

నరహరి తుపాకీ మీది నాబ్‌ను చూపించాడు.

"మీరు సూసిండ్రు గద ఉస్తాద్. మీ కండ్ల ముంగటనే తిరిగింది."

"సూసిన."

"ఎవలు తిప్పిండ్రు?"

ఉస్తాద్ బ్యాటరీ లైటు వెలిగించాడు. నరహరి కుడి చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. నొప్పి ఉన్నవాడి చేతిని వైద్యుడు పట్టుకున్నంత మెత్తగా పట్టుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, వెలుగు వేశాడు.

బొటనవేలు నల్లగా ఉంది. చూపుడు వేలు నల్లగా ఉంది.

నరహరి ఆ చేతి వైపు చూస్తూ ఉండిపోయాడు. అది తన చెయ్యే. సాయంత్రమంతా అతను దానిలో లేడు. చేతిని ప్యాంటుకు రుద్దుకోబోయాడు. ఉస్తాద్ వదల్లేదు.

"ఆ దినం కాడనే ఉన్నది బేటా నీ చెయ్యి. ఇంటికి రాలేదు."

నరహరికి ఏడుపు వచ్చింది. ఇన్నాళ్ళూ రానిది ఇప్పుడు వచ్చింది. ఉస్తాద్ ఆపమనలేదు, ఓదార్చలేదు. లైటు ఆర్పేసి, అతను నెమ్మదించేదాకా మేక వీపు నిమురుతూ నిలబడ్డాడు.

తర్వాత అన్నాడు:

"గూడెంల ఎవలు బయటికి వస్తలేరు. పొయ్యి మారుతికి చెప్పిరా."

నరహరి తల ఊపి కదిలాడు. ఉస్తాద్ వెనక్కి పిలిచాడు. జేబులోంచి ఇత్తడి మూతలు రెండూ తీసి, సుర్మా అంటిన ఆ చేతిలో పెట్టి, వేళ్ళు తనే మూశాడు.

"ఉత్త చేతులతోటి పోకు."

నరహరి వాగు దాటాడు. పత్తి చేను గట్టు మీదుగా నడిచాడు. మంచె కింద ఆగి, గుంజకున్న కొడవలిని తీసుకున్నాడు. మారుతి ఇంటి ముందుకు వచ్చేసరికి లోపల చంటిబిడ్డ ఏడుపు వినిపించింది, వెంటనే ఎవరో దాని నోరు మూసినట్టు ఆగిపోయింది.

అతను తలుపు తట్టాడు. గడియ తియ్యలేదు. తలుపు సందులోంచి మారుతి గొంతు వచ్చింది.

"సారూ... నమ్మాల్నా?"

"చిరుత సచ్చింది. ముట్టి సూసినం. దాన్ని నమ్ము," అన్నాడు నరహరి. "తలుపు తియ్యన్నా. ఇంకోటి చెప్పాలె."

లోపల గడియ కదిలింది. దీపం వెలుగు గడప మీద పడింది. నరహరి ఆ వెలుగులోకి చెయ్యి చాపి, మూతలున్న పిడికిలి తెరిచాడు.