గింజకి గుడి తీసేసిన నక్క

కొండ దిగువన వాగు పక్కన ఒక పశువుల పాక ఉంది. అందులో గౌరన్న అనే ఎద్దు, నూకాలు అనే మేక, కొన్ని కోళ్ళు ఉండేవి. దూలం మీద సింతాలు అనే గువ్వ కాపురం. ఆ ఏడు మేత అడుగంటింది. అలాంటి రోజుల్లో నూకాలు పిల్లని ఈనింది. పొదుగులో పాలు లేవు. పిల్ల పొద్దస్తమానం అరుస్తూనే ఉంది.

గువ్వ చూసి చూసి దూలం దిగింది.

"ఇదిగో నూకాలూ, వాగు గట్టున గంజాయి మొక్కలున్నాయి కదేటి. దాని గింజలు మా పిట్టలం తాతల నాటి నుంచీ తింటన్నాం. నూనె ఉంటాది, బలముంటాది. గింజలో మత్తుండదు. ఉన్నదంతా ఆకులోనూ పువ్వులోనూ. గింజలు ఏరి, కడిగి, నూరి గంజి కాసుకుంటే నీ ఒంట్లోకి కాస్త సత్తువొస్తాది."

"నాను లేవనేలేనే! నాకెవులు ఏరుతారు?"

"నేనున్నానుగా తల్లీ!" అంటూ నక్క గుమ్మంలో ప్రత్యక్షమైంది. కంప చాటున నక్కి అంతా విన్నది. "గింజ గంజి నేను కాసి తెస్తాను. అందులో మాంసకృత్తులున్నాయి, మంచి కొవ్వుంది, పీచుంది, ఇనుముంది. గుండెకి మంచిది, కీళ్ళకి మంచిది, కంటికి మంచిది. దిష్టి తగిలినా పోతుంది."

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. మొదట చెప్పినవి నిజాలే. ఆ నిజాల తోక పట్టుకుని దిష్టి దాకా వచ్చేసింది చూడండి! చారెడు నిజం చూపించి బస్తాడు అబద్ధం అంటగట్టేవాళ్ళు నక్కల్లోనే ఉన్నారనుకుంటే పొరపాటు.

సాయంత్రానికి కుండ వచ్చింది. గంజి పచ్చగా, ఘాటుగా ఉంది. ఆకలి మీదున్న మేక అడగకుండానే తాగేసింది. తాగి పడుకున్నది మర్నాడు ఎండెక్కినా లేవలేదు. పిల్ల పొదుగు కుమ్మి కుమ్మి అలిసిపోయింది. దొరికిన నాలుగు చుక్కల పాలూ తాగి అదీ తల వాల్చేసింది. నక్క మాత్రం గుమ్మంలో చతికిలబడి పిల్లకేసే చూస్తోంది.

"బలం పడుతోంది. లేపకండి" అంది.

గౌరన్న కొమ్ములు వంచి అడ్డం నిలబడ్డాడు. "ఆ పిల్లమీంచి సూపు తీయి ముందు! గంజిలో ఏటి కలిపినావు?"

"కలిపేదేముంది బావా? చెట్టు ఒకటే, వేరు ఒకటే. గింజ బలమైతే ఆకు బలం కాదా? గింజ అన్నా గంజా అన్నా ఒకటే. గి మీదున్న గుడి తప్ప పెద్ద తేడా ఏముంది? నేనేం చదువుకున్నానా? మంచి చెయ్యబోతే నిందలా!"

"పాపం, తెలీక సేసినాడేమో" అన్నాయి కోళ్ళు. ఈ కోళ్ళని ఏమనాలో నాకు తెలియదు. కళ్ళముందు పసిది సొమ్మసిల్లి పడుంటే నక్క మీద జాలి!

గౌరన్న ఓర్పు గలవాడు. ఆ పూట మాత్రం ముక్కుల్లోంచి పొగలొక్కటే తక్కువ. గువ్వ అతని చెవిలో ఏదో చెప్పింది. దానికి తలూపి, నక్క వెళ్ళాక కాస్త ఆగి, వాగు గట్టున అది ఉన్న చోటికి నడిచాడు.

"నక్క బావా, పై కొండ పులిగారికి నీరసమంట. నీ గంజి పేరు ఇన్నారంట. మధ్యాన్నానికి కుండెడు పంపమన్నారు. తాగినాక కళ్ళు తిరిగితే మాత్రం, కాసినోణ్ణి తెమ్మన్నారు."

"పులిగారా?" అంది నక్క.

"పులిగారే."

గౌరన్న వెనక్కి తిరిగాడో లేదో నక్క పనిలో పడింది. కంకులు దులిపింది. గింజా గింజా ఏరింది. అంటుకున్న ఆకు తునకలు గోటితో గీకింది. వాగు నీళ్ళలో కడిగి, వాసన చూసి, మళ్ళీ కడిగింది. నూరి, వడకట్టి, తెల్లటి గంజి కాసింది.

"ఒక్క ఆకు ముక్క పడినా నా ప్రాణం పోతుంది" అని గొణుక్కుంటోంది. "ఒక్క పువ్వు రేణువున్నా నా తోలు ఒలిచేస్తాడు."

అప్పుడు పొదల్లోంచి గౌరన్న, గువ్వ, వెనకాలే కోళ్ళు బయటికొచ్చాయి.

"ఏటి బావా, పొద్దున్న చెట్టంతా ఒకటే అన్నావు?"

నక్క తడబడింది. "అది... పులిగారికి కదా..."

"ఏ పులికీ నీరసం లేదు" అంది గువ్వ రెక్కలు విదిల్చి. "పులికైతే గింజ, బాలింత మేకకైతే గంజా! గుడి ఎక్కడుంచాలో, ఎక్కడ పీకాలో నీకు శుభ్రంగా తెలుసు. సిగ్గు లేదూ నీకు? పాలు లేక ఏడిసే పసిదాన్ని తిందామని తల్లిని మత్తులో పడేస్తావా!"

"తెలియక..." అని నక్క మొదలెట్టింది. మాట పూర్తి కాకుండానే గౌరన్న కొమ్ములు దాని డొక్కలో దిగాయి. నక్క వాగులో పడింది. ఈదుకుంటూ అవతలి గట్టెక్కి కుంటుతూ పోయింది. "తెలీకపోతే సెప్పేవోళ్ళం!" అని గౌరన్న గట్టు మీంచి అరిచాడు. కోళ్ళు తలలు దించుకున్నాయి.

నక్క చెమటోడ్చి కాసిన గంజి నూకాలుకి చేరింది. అప్పటికి దాని మత్తు దిగింది. కానీ అది కుండ చూసి మొహం తిప్పుకుంది. గువ్వే ముందుగా తాగి చూపించాల్సి వచ్చింది.

"ఇది మందు కాదే, దిష్టికీ దెయ్యానికీ పనికిరాదు. వొట్టి తిండి. దొరికిన గడ్డితోబాటు రోజూ కాస్త తాగు."

తరవాత గింజలు కోళ్ళే ఏరాయి, ఎవరూ చెప్పకుండానే. నూకాలు కోలుకుంది, పాలు చేపింది. పిల్ల లేచి, పడి, మళ్ళీ లేచింది.

తెలియక చేశానన్నవాడికి నిజంగా ఎంత తెలుసో, వాడు ఎవరికి భయపడతాడో వాళ్ళకి ఏం వడ్డిస్తాడో చూస్తే తెలుస్తుంది.